కవాసాకి వ్యాధి వచ్చి తగ్గిన పిల్లల గుండె: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

జ్వరం తగ్గింది, వేళ్ల కొనల దగ్గర పొట్టు రాలడం ఆగింది, బిడ్డ మళ్లీ ఆటల్లో పడింది. డిశ్చార్జి కాగితం మీద మాత్రం ‘మళ్లీ ఎకో (గుండె స్కాన్) చేయించాలి’ అని ఒక తేదీ వేసి ఉంది. చాలా ఇళ్లలో ఆ తేదీ నుంచే అసలు ప్రశ్నలు మొదలవుతాయి. అవే ఇక్కడ ఉన్నాయి. మందు మోతాదులు, పరీక్షల తేదీలు ప్రతి బిడ్డకూ వేరుగా ఉంటాయి కాబట్టి వాటి విషయంలో మీ డాక్టరు మాటే చివరి మాట.

అసలు ఈ జబ్బుకూ గుండెకూ సంబంధం ఏమిటి?

కవాసాకి వ్యాధిలో ఒంట్లోని మధ్యరకం ధమనుల గోడలు వాస్తాయి. అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతినేవి గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనులు. జబ్బు పడేవాళ్లలో ఎక్కువమంది ఐదేళ్లలోపు పిల్లలు, వాళ్లలోనూ మగపిల్లలు కొంత ఎక్కువ. కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు.

టోక్యోలోని రెడ్‌క్రాస్ ఆసుపత్రిలో పనిచేసిన పిల్లల వైద్యుడు తొమిసాకు కవాసాకి 1961లో ఇలాంటి మొదటి బిడ్డను చూశారు. 1967లో 50 మంది పిల్లల వివరాలు ప్రచురించారు. వచ్చి తనంతట తానే పోయే జబ్బని అప్పట్లో అందరూ అనుకున్నారు. 1970లో జపాన్ అంతటా సర్వే చేసినప్పుడు అసలు సంగతి బయటపడింది. పూర్తిగా కోలుకున్నట్టు కనిపించిన పిల్లల్లో కొందరు కరోనరీ ధమనుల్లో రక్తం గడ్డకట్టి హఠాత్తుగా చనిపోయారు. జ్వరం తగ్గాక కూడా గుండెను చూస్తూ ఉండాలన్న నియమం ఆ మరణాల నుంచే వచ్చింది.

జపాన్‌లో కోవిడ్‌కు ముందు, 2019లో, ఐదేళ్లలోపు పిల్లల్లో ప్రతి లక్షకు 300 మందికి పైగా ఈ జబ్బు వచ్చింది. మన దేశంలోనూ ఇది అరుదైన వింత జబ్బేమీ కాదు. చండీగఢ్‌లోని పీజీఐ ఆసుపత్రి పిల్లల వైద్యులు 1990ల నుంచి ఈ పిల్లలకు వైద్యం చేస్తూ, వాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తున్నారు.

మావాడికి మొదట తట్టు అన్నారు. అసలు జబ్బు తేలేసరికి ఆలస్యమైంది. దానివల్ల గుండెకు ముప్పు పెరుగుతుందా?

పెరుగుతుంది. ఐవీఐజీ అనే ఇమ్యునోగ్లోబులిన్ మందును జ్వరం మొదలైన పది రోజుల్లోపు ఎక్కిస్తే ధమనులు ఉబ్బే అవకాశం బాగా తగ్గుతుంది. వైద్యం అందని పిల్లల్లో దాదాపు నలుగురిలో ఒకరికి ధమని ఉబ్బుతుంది. సకాలంలో మందు అందినవాళ్లలో అది సుమారు ఇరవై మందిలో ఒకరికి పరిమితమవుతుంది. ఈ మందు కిలో బరువుకు 2 గ్రాముల లెక్కన ఇస్తారు. అంటే 12 కిలోల బిడ్డకు 24 గ్రాములు కావాలి, 5 గ్రాముల సీసాలైతే ఐదు. ఒక్కో సీసా ధర వేల రూపాయల్లో ఉంటుంది. డబ్బు సర్దుబాటు కోసం రెండు మూడు రోజులు పోయిన కుటుంబాలు మన దగ్గర చాలా ఉన్నాయి. ఆ ఆలస్యం వాళ్ల తప్పు కాదు.

పది రోజులు దాటినా జ్వరం కొనసాగుతున్నా, రక్తపరీక్షల్లో వాపు గుర్తులు ఎక్కువగా ఉన్నా అప్పుడూ ఐవీఐజీ ఇస్తారు. మందు ఇచ్చాక కూడా 36 గంటలు దాటి జ్వరం ఉండే పిల్లలు కొందరుంటారు. వాళ్లకు ముప్పు ఎక్కువ కాబట్టి మళ్లీ ఐవీఐజీ గానీ, స్టెరాయిడ్లు గానీ, వాపును తగ్గించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు గానీ ఇస్తారు. మీ బిడ్డ వీటిలో ఏ కోవలోకి వస్తుందో డిశ్చార్జి కాగితంలో ఉండాలి. లేకపోతే అడిగి రాయించుకోండి.

ఈ ప్రశ్న అడిగేవారి ఇంట్లో మరో చిన్న బిడ్డ ఉంటే ఇదీ తెలియాలి. ఐదు రోజులు తగ్గని జ్వరం, పుసి లేకుండా రెండు కళ్లూ ఎర్రబడటం, పగిలిన ఎర్రటి పెదవులు, ఎర్రగా బుడిపెలు తేలిన నాలుక, ఒంటిమీద దద్దుర్లు, అరచేతులు అరికాళ్లు వాచి ఎర్రబడటం, మెడలో ఒకవైపు బిళ్ల కట్టడం ప్రధాన లక్షణాలు. పుట్టినప్పుడు భుజాన వేసిన బీసీజీ టీకా మచ్చ మళ్లీ ఎర్రబడి పొంగితే దాన్ని అసలు నిర్లక్ష్యం చేయకూడదు. ఆరు నెలల్లోపు శిశువుల్లో ఈ లక్షణాలన్నీ కనిపించకపోవచ్చు, అయినా ధమనులకు ముప్పు వాళ్లకే ఎక్కువ. అమ్మవారు పోసిందని వేపాకు కట్టి రోజులు లెక్కపెట్టవలసిన జ్వరం కాదు ఇది.

మొదటి నుంచీ ఎకోలో ఏమీ లేదన్నారు. అయినా జీవితాంతం భయపడాలా?

అక్కర్లేదు. జబ్బు తేలినప్పుడు, ఒకటి రెండు వారాలకు, ఆరు వారాల ప్రాంతంలో చేసిన ఎకోలన్నిట్లోనూ ధమనులు మామూలుగా ఉంటే ఆ బిడ్డ భవిష్యత్తు దాదాపు మిగతా పిల్లల్లాగే ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్‌ను ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఆపేస్తారు. ఏడాదిలోపు చివరిసారి చూసి గుండె డాక్టరు పంపేయవచ్చు. ఆటలకు అడ్డు లేదు. కవాసాకి వచ్చినవారిలో అత్యధికులు వీళ్లే. ‘గుండె జబ్బు పిల్ల’ అని బంధువుల ముందు అనడం, పరుగెత్తితే కేకలు వేయడం మానేయండి. లేని జబ్బును మోస్తూ పెరగడం బిడ్డకు నిజమైన నష్టం.

రిపోర్టులో ఉండే జెడ్ స్కోరు అంటే ఏమిటి?

రెండేళ్ల బిడ్డ కరోనరీ ధమని వ్యాసం సుమారు 2 మిల్లీమీటర్లు. పదేళ్ల బిడ్డకు అంతకన్నా పెద్దగా ఉంటుంది. కాబట్టి మిల్లీమీటర్లు ఒక్కటే చూస్తే ఉబ్బో కాదో చెప్పలేం. బిడ్డ ఎత్తు బరువులను బట్టి ఆ శరీరానికి ధమని ఎంత ఉండాలో లెక్కగట్టి, దానికన్నా ఎంత తేడా ఉందో చెప్పేదే జెడ్ స్కోరు.

2 కన్నా తక్కువైతే మామూలే. 2 నుంచి 2.5 లోపు ఉంటే కాస్త వెడల్పైంది అంటారు, చాలావరకు అది సర్దుకుంటుంది. 2.5 నుంచి 5 లోపు చిన్న ఉబ్బు. 5 నుంచి 10 లోపు మధ్యరకం. 10 లేదా అంతకు మించితే, లేక వ్యాసం 8 మిల్లీమీటర్లకు చేరితే భారీ ఉబ్బు.

రిపోర్టులో ‘ఎల్‌ఏడీ, జెడ్ +4.2’ అని ఉందనుకోండి. గుండె ముందువైపు కిందికి దిగే ఎడమ ధమనిలో చిన్న ఉబ్బు ఉందని అర్థం. ‘ఆర్‌సీఏ’ అంటే కుడి కరోనరీ ధమని. కొన్ని రిపోర్టుల్లో కొలతలేవీ లేకుండా ‘ధమనులు మామూలుగా ఉన్నాయి’ అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. కవాసాకి వచ్చిన బిడ్డకు అది చాలదు. కొలతలు, జెడ్ స్కోర్లు రాయమని అడగడం మీ హక్కు. స్కోరు లెక్కకు ఆ రోజు తీసిన సరైన ఎత్తు, బరువు కావాలి. పాతవి చెప్పకండి.

ధమని ఉబ్బితే ప్రమాదం ఎటునుంచి వస్తుంది? పగిలిపోతుందా?

పగలడం చాలా అరుదు. భయపడవలసినవి రెండు, అవి రెండూ ఒకే కాలంలో రావు.

మొదటిది రక్తం గడ్డకట్టడం. కాలువ వెళ్లి చెరువులో కలిసిన చోట నీటి వేగం తగ్గినట్టే ఉబ్బిన చోట రక్తం నెమ్మదిస్తుంది. పైగా లోపలి పొర దెబ్బతిని గరుకుగా ఉంటుంది, జబ్బు రెండు మూడు వారాలకు ప్లేట్‌లెట్లు విపరీతంగా పెరుగుతాయి. అందుకే మొదటి నెలల్లో, మొదటి ఒకటి రెండేళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. భారీ ఉబ్బు ఉన్నవాళ్లకు మరీ ఎక్కువ.

రెండోది నెమ్మదిగా, ఏళ్ల మీద వచ్చేది. ఉబ్బుకు ఇరువైపులా, అంటే రక్తం లోపలికి వచ్చే చోట, బయటికి వెళ్లే చోట, గోడ లోపల కణాలు పెరిగి దారి ఇరుకవుతుంది. గోడలో సున్నం పేరుకుంటుంది. ఇందులో నొప్పి ఉండదు, బిడ్డ ఆడుతూ పాడుతూనే ఉంటాడు. ఇరుకు చాలా పెరిగాక గానీ లక్షణాలు కనిపించవు. ఆరోగ్యంగా కనిపిస్తున్నాడు కదా అని పరీక్షలు మానేసే కుటుంబాలు నష్టపోయేది సరిగ్గా ఇక్కడే.

రెండేళ్లకు ఉబ్బు తగ్గి ధమని మామూలు సైజుకు వచ్చిందని రాశారు. ఇక సమస్య తీరినట్టేనా?

తీరిందని ఈ పేజీ చెప్పదు. చెప్పకపోవడానికి కారణం ఉంది.

ఉబ్బిన ధమనుల్లో సగానికి పైగా ఒకటి రెండేళ్లలో మామూలు వెడల్పుకు వస్తాయి. ఉబ్బు ఎంత చిన్నదైతే, బిడ్డ ఎంత పసివాడైతే ఆ అవకాశం అంత ఎక్కువ. అది నిజంగా మంచి వార్తే, సంతోషించండి. కానీ ఎకో కొలిచేది రక్తం పారే దారి వెడల్పును మాత్రమే. ఆ దారి మామూలు కావడానికి చాలాసార్లు కారణం లోపలివైపు గోడ మందం కావడమే. గోడ పొరలు మునుపటిలా తిరిగి రావు. గుండెకు ఎక్కువ రక్తం కావలసినప్పుడు మామూలు ధమని సాగి వెడల్పవుతుంది. ఉబ్బి తగ్గిన చోట అలా సాగే గుణం తగ్గుతుంది. ఆ చోట పెద్దయ్యాక ఇరుకు రావచ్చు.

కాబట్టి డాక్టర్లు బిడ్డను ఏ వర్గంలో పెట్టాలో నిర్ణయించేటప్పుడు ఇవాళ్టి కొలతతో పాటు ఒకప్పటి గరిష్ఠ కొలతనూ చూస్తారు. ఒకప్పుడు జెడ్ 8 ఉండి ఇప్పుడు 1.5కి వచ్చిన బిడ్డ, ఎప్పుడూ 1.5 దాటని బిడ్డ ఒకటి కాదు. ఒకరికి ఏటా పరీక్షలు కావాలి, మరొకరికి అక్కర్లేదు. ఉబ్బు తగ్గిన ఈ పిల్లలే అందరికన్నా ఎక్కువగా వైద్యుల చూపు నుంచి తప్పిపోతున్నారని నా అభిప్రాయం. భారీ ఉబ్బు ఉన్న ఇంట్లో ఎవరూ పరీక్ష మరచిపోరు. ‘తగ్గిపోయింది’ అన్న మాట విన్న ఇంట్లోనే ఫైలు అటక ఎక్కుతుంది.

చిన్నపిల్లలకు గుండెపోటు వస్తే ఎలా తెలుస్తుంది?

పెద్దవాళ్లలా గుండె పట్టుకుని నొప్పి అని చెప్పరు. ఊరుకోబెట్టినా ఆగని ఏడుపు, వాంతులు, కడుపునొప్పి, మొహం పాలిపోవడం, చల్లటి చెమటలు, ఊపిరి అందకపోవడం, ఒక్కసారిగా నీరసించిపోవడం కనిపిస్తాయి. నాలుగైదేళ్లు దాటిన పిల్లలు ఛాతీలో నొప్పి అని చెప్పగలరు. అజీర్తి అనుకుని ఓమ నీళ్లు పట్టి చూద్దామనుకునే లక్షణాలే ఇవన్నీ. మధ్యరకం లేదా భారీ ఉబ్బు ఉన్న బిడ్డలో ఇవి కనిపిస్తే 108కి ఫోన్ చేయండి, దగ్గరలోని పెద్దాసుపత్రికి వెళ్లండి. వెళ్లగానే మొదట చెప్పవలసిన మాట: ‘కవాసాకి వచ్చింది, కరోనరీ ధమనిలో ఉబ్బు ఉంది.’ ఆ మాట చెప్పకపోతే మూడేళ్ల బిడ్డకు ఈసీజీ తీయాలన్న ఆలోచన ఎవరికీ రాకపోవచ్చు.

పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదంటారు. మరి మాకెందుకు రాశారు?

మామూలు జ్వరానికి పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదన్నది నిజమే. ఇది ఆ నియమానికి ఉన్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి. జ్వరం తగ్గాక ఇచ్చేది కిలో బరువుకు 3 నుంచి 5 మిల్లీగ్రాముల చిన్న మోతాదు, ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా ఉండటానికి. 12 కిలోల బిడ్డకు రోజుకు 36 నుంచి 60 మిల్లీగ్రాములు. దుకాణంలో దొరికేది 75 మిల్లీగ్రాముల మాత్ర, కాబట్టి సగం చేయవలసి రావచ్చు. పైపూత ఉన్న మాత్రలు కొన్ని విరిచి ఇవ్వదగినవి కావు. ఏ రకం కొనాలో, ఎలా ఇవ్వాలో రాయించుకోండి. బిడ్డ బరువు పెరిగినప్పుడల్లా మోతాదు సరిపోతుందో లేదో అడగండి.

ఆస్పిరిన్ వాడుతున్నప్పుడు ఫ్లూ గానీ ఆటలమ్మ గానీ సోకితే రై సిండ్రోమ్ (Reye) అనే ప్రమాదం ఉంది. అరుదే అయినా మెదడును, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఇంట్లోగానీ బడిలోగానీ ఎవరికైనా ఆటలమ్మ పోస్తే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి, కొంతకాలం వేరే మందు ఇస్తారు. మీ అంతట మీరు ఆపేయకండి. జ్వరానికి పారాసిటమాల్ వాడవచ్చు. ఐబుప్రొఫెన్ సిరప్ మాత్రం ఆస్పిరిన్ పనిని అడ్డుకుంటుంది. దగ్గు, జలుబు, జ్వరం అని దుకాణంలో ఇచ్చే కలగలుపు సిరప్‌లలో అది ఉందేమో లేబుల్ చదవండి.

మా పాపకు భారీ ఉబ్బు ఉంది. వార్ఫరిన్ కూడా రాశారు. ఇంట్లో ఎలా చూసుకోవాలి?

భారీ ఉబ్బుకు ఆస్పిరిన్ ఒక్కటి చాలదు. రక్తం గడ్డకట్టకుండా చేసే వార్ఫరిన్ గానీ, శిశువులకైతే చర్మం కింద ఇచ్చే హెపారిన్ రకం ఇంజెక్షన్ గానీ తోడు చేస్తారు. వార్ఫరిన్ వాడేవాళ్లకు ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష ప్రాణాధారం, సాధారణంగా అది 2 నుంచి 3 మధ్య ఉండాలి. తగ్గితే గడ్డకడుతుంది, పెరిగితే రక్తస్రావం అవుతుంది.

పాలకూర, తోటకూర వంటి ఆకుకూరల్లోని విటమిన్ కె వార్ఫరిన్ పనిని తగ్గిస్తుంది. అలాగని ఆకుకూరలు మానిపించకండి. వారం వారం ఒకే తీరున పెట్టండి, మోతాదు దాన్ని బట్టి కుదురుతుంది. ఏ యాంటీబయాటిక్ మొదలుపెట్టినా ఐఎన్‌ఆర్ మారవచ్చు. పళ్లు పీకించే ముందు, కండకు ఇంజెక్షన్ వేసే ముందు ఈ మందు వాడుతున్న సంగతి చెప్పండి. తలకు దెబ్బ తగిలితే బయటికి ఏమీ కనిపించకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. నల్లటి విరేచనం, ఆగని ముక్కుపుటాల రక్తం, కారణం లేని కమిలిన మచ్చలు కూడా వెంటనే చూపించవలసినవే.

టీకాలు ఎప్పుడు వేయించాలి?

ఐవీఐజీ తీసుకున్నాక 11 నెలల వరకు తట్టు–రుబెల్లా, ఆటలమ్మ టీకాలు వాయిదా వేయాలి. ఆ మందులోని యాంటీబాడీలు ఈ టీకాలను పనిచేయనివ్వవు. మీ ప్రాంతంలో తట్టు వ్యాపిస్తుంటే ముందే వేసి తర్వాత మళ్లీ వేస్తారు. మిగతా టీకాలు వాటి సమయానికి వేయించవచ్చు. ఎక్కువకాలం ఆస్పిరిన్ వాడే బిడ్డకు, ఇంట్లో అందరికీ ఏటా ఫ్లూ టీకా వేయించండి. ఆరోగ్య కేంద్రంలో టీకా కార్డు చూపేటప్పుడు ఐవీఐజీ ఎక్కించిన తేదీ కూడా కార్డు మీద రాయించండి.

బడిలో ఆటలాడనివ్వచ్చా?

ఉబ్బు లేని పిల్లలను మొదటి వారాలు దాటాక ఏ ఆటకూ ఆపవద్దు. చిన్న ఉబ్బు ఉన్నవాళ్లు కూడా సాధారణంగా ఆడవచ్చు. మధ్యరకం, భారీ ఉబ్బు ఉన్నవాళ్లకు శ్రమలో గుండెకు రక్తం చాలుతోందో లేదో పరీక్షించి చెబుతారు. వార్ఫరిన్‌గానీ, ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా చేసే మందులు రెండు రకాలుగానీ వాడేవాళ్లకు కబడ్డీ, కుస్తీ, ఫుట్‌బాల్ వంటి ఢీకొట్టుకునే ఆటలు వద్దు. ఈత, నడక, బ్యాడ్మింటన్ సంగతి డాక్టరును అడగండి, చాలామందికి ఒప్పుకుంటారు. ఏమీ ఆడకుండా లావెక్కిన బిడ్డకు పెద్దయ్యాక గుండెకు అదనపు ముప్పు.

ఎన్నాళ్లకోసారి పరీక్షలు? ఎకో చాలదా?

చిన్న ఉబ్బు ఉంటే మొదటి ఏడాది తర్వాత సుమారు ఏడాదికోసారి. భారీ ఉబ్బు ఉంటే మొదట్లో చాలా తరచుగా, ఆ తర్వాత మూడు నుంచి ఆరు నెలలకోసారి. చిన్నపిల్లల్లో ఎకోతో ధమనులు బాగా కనిపిస్తాయి. ఎదిగేకొద్దీ ఛాతీ గోడ మందమై చూపు ఆనదు, ధమని చివరి భాగాలు అసలే దొరకవు. అప్పుడు సీటీ యాంజియో, అంటే ధమనులను చూపే సీటీ స్కాన్ చేస్తారు. ఇరుకును, సున్నాన్ని అది బాగా చూపిస్తుంది. ఆధునిక యంత్రాలతో రేడియేషన్ బాగా తగ్గింది. బడి వయసు వచ్చాక ట్రెడ్‌మిల్ పరీక్షో, శ్రమ పెట్టి తీసే స్కానో రెండు మూడేళ్లకోసారి అవసరం కావచ్చు.

నెలనెలా పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించాలా?

అక్కర్లేదు. అది రుమాటిక్ జ్వరానికి వాడేది. ఆ జబ్బు గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చి గుండె కవాటాలను శాశ్వతంగా పాడుచేస్తుంది. కవాసాకి ముఖ్యంగా ధమనుల జబ్బు. జ్వరం రోజుల్లో కవాటం కొద్దిగా లీకైనా చాలామందిలో సర్దుకుంటుంది. కోవిడ్ తర్వాత కొందరు పిల్లలకు వచ్చిన ఎంఐఎస్‌సీ అనే, ఒంట్లో పలు అవయవాలు వాచే జబ్బు కూడా దీన్ని పోలి ఉంటుంది గానీ వేరే జబ్బు.

స్టెంట్, బైపాస్ దాకా వెళ్తుందా?

వెళ్లేది కొద్దిమందికే, ఎక్కువగా భారీ ఉబ్బు ఉన్నవాళ్లకు. సున్నం పేరుకున్న గట్టి ధమనిలో బెలూన్, స్టెంట్ పని కష్టం. కొన్నిసార్లు సున్నాన్ని అరగదీసే పరికరం వాడతారు. బైపాస్‌కు కాలి సిర కన్నా రొమ్ము ఎముక వెనుక ఉండే ధమని మేలని జపాన్ శస్త్రవైద్యులు నిరూపించారు. ఆ ధమని బిడ్డతో పాటు పెరుగుతుంది, ఏళ్ల తరబడి తెరుచుకుని ఉంటుంది.

మళ్లీ వస్తుందా? తమ్ముడికి అంటుకుంటుందా?

అంటువ్యాధి కాదు. జపాన్‌లో సుమారు నూటికి ముగ్గురికి మళ్లీ వచ్చింది, మిగతా చోట్ల ఇంకా తక్కువ. తోబుట్టువులకు అవకాశం మామూలు కన్నా ఎక్కువే, అయినా మొత్తం మీద స్వల్పం. మళ్లీ ఐదు రోజుల జ్వరం వస్తే మాత్రం పాత సంగతి చెప్పండి.

అమ్మాయి పెళ్లీడుకు వచ్చింది. పిల్లల్ని కనవచ్చా?

చాలామంది కన్నారు. ఉబ్బు ఎప్పుడూ లేని అమ్మాయికి ప్రత్యేక ముప్పేమీ లేదు. ఉబ్బు ఉన్నా, ఉండి తగ్గినా గర్భం దాల్చక ముందే గుండె డాక్టరును, ప్రసూతి వైద్యురాలిని కలవాలి. వార్ఫరిన్ మొదటి నెలల్లో పిండానికి హాని చేస్తుంది కాబట్టి మందు మార్చాలి. కొలెస్ట్రాల్, బీపీ మందులు కొన్ని ఆపాలి. పెళ్లి సంబంధాలు చెడతాయని జబ్బు సంగతి దాచి, ఆ దాచడం కోసం పరీక్షలూ మందులూ మానేసే ఇళ్లు ఉన్నాయి. ఆ భయం అర్థమవుతుంది. కానీ ప్రసవ సమయంలో గుండెకు పడే భారం మామూలుది కాదు. ఆ రోజు వైద్యం చేసేవాళ్లకు తెలియకపోతే నష్టపోయేది మీ అమ్మాయే.

18 ఏళ్లు నిండాక ఎవరికి చూపించాలి? పాత కాగితాలు పోతే?

ధమని ఒకప్పుడు ఉబ్బినవాళ్లు పెద్దల గుండె డాక్టరుకు మారాలి. గుండె రక్తప్రసారం తగ్గిందన్న అనుమానంతో యాంజియో చేయించుకున్న 40 ఏళ్లలోపువారిని అమెరికాలోని శాన్‌డియెగో వైద్యులు పరిశీలించారు. వాళ్లలో సుమారు 5 శాతం మందికి చిన్నప్పటి కవాసాకి వల్ల వచ్చినట్టున్న ఉబ్బులు కనిపించాయి. పొగ, అధిక బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ ఇలాంటి ధమనికి రెట్టింపు శత్రువులు.

దాచవలసిన కాగితాలు ఇవి: జబ్బు వచ్చిన తేదీ, ఐవీఐజీ తేదీ, ఉబ్బు ఏ ధమనిలో, గరిష్ఠ జెడ్ స్కోరు ఎంత, ఏ మందులు ఎంతకాలం వాడారు. డిశ్చార్జి సారాంశం, ప్రతి ఎకో రిపోర్టు ఫోటో తీసి అమ్మానాన్నల ఫోన్లు రెండింటిలోనూ, ఈమెయిల్‌లోనూ పెట్టుకోండి. చదువుకో ఉద్యోగానికో హైదరాబాద్ వెళ్లినా, డల్లాస్ వెళ్లినా అబ్బాయి చేతికి ఒక కాపీ ఇచ్చి, అందులో ఏముందో కూర్చోబెట్టి చెప్పండి. జ్వరం వచ్చినప్పుడు వాడికి రెండేళ్లు, వాడికేమీ గుర్తుండదు.

కాగితాలు పోయి ఉంటే వైద్యం చేసిన ఆసుపత్రి రికార్డుల విభాగంలో ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఇచ్చిన నంబరు), చేర్చిన నెల చెప్పి అడగండి. అక్కడా దొరకకపోతే ‘చిన్నప్పుడు కవాసాకి, ఉబ్బు ఉందో లేదో తెలియదు’ అని గుండె డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. ఒక్కసారి సీటీ యాంజియోనో, సున్నం చూసే స్కానో తీస్తే అప్పట్లో ఎంత దెబ్బతిందో చాలావరకు తేలుతుంది.